పద్దెనిమిది అడుగుల చీకటి

కూలబాన్, క్వీన్స్‌లాండ్
నవంబరు 2, 1953

థెల్మా అక్కకు,

ముందుగా నా రాతకూ తప్పులకూ క్షమించు. మూడో తరగతిలో బడి మానేసి ఆవుల దగ్గరికి పోయినదాన్ని, తెలిసిన అక్షరాలన్నీ కూడగట్టుకుని రాస్తున్నాను. ఎడమచేత్తో రాస్తాను కదా, రాసినదాని మీదే చెయ్యి జరుగుతుంది, సిరా పులుముకుపోతుంది. పైన నల్లగా కనిపించేది అక్షరం కాదు, అది నా చిటికెనవేలు.

పెళ్లయిన నాలుగు నెలలకు రాస్తున్నానని తిట్టకు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయన పేరు పెర్సీ టాల్బట్. మంచివారు. నలభై దాటాయి గానీ జుట్టు పోలేదు. ఊళ్లో సినిమా హాలు ఆయనదే. రేకుల కప్పు, గుడ్డ కుర్చీలు, శనివారం శనివారం ఆట. నేను హోటల్లో దుప్పట్లు ఉతుకుతుంటే వచ్చి, "ఫిల్ము చుట్టడం నేర్పితే నేర్చుకుంటావా?" అని అడిగారు. అది పెళ్లి మాట అని నాకు మూడు రోజుల తర్వాత అర్థమైంది.

ఇప్పుడు ఆట అయ్యాక రీళ్లు వెనక్కి చుట్టేది నేనే. ఫిల్ము తెగితే అంచు గీకి, జిగురు రాసి అతికిస్తాను. ఆ జిగురు మన ఇంటి వెనక బేరిపళ్ల వాసన వేస్తుంది. ఇల్లు గుర్తొస్తుంది.

ఒక్కటే బాధ. ఆయన పెరటి తలుపు వెయ్యనివ్వరు. కోళ్లు వంటింట్లోకి వచ్చి పిండి డబ్బా మీద కూర్చుంటాయి. నేను తలుపు వేస్తే ఆయన లేచి తీస్తారు. మా అత్తగారు పక్కింట్లోనే ఉంటుంది. "తలుపు వేస్తే ఐవీకి ఊపిరాడదు" అంది. హాల్లో మూడో వరుస చివరి కుర్చీ ఐవీది. తెలియక ఒకసారి కూర్చున్నాను. ముందు వరుసల వాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. ఆయన బొమ్మ వేసే మిషను తుడుస్తూ రోజూ ఐవీతో మాట్లాడతారు, చాలా మెల్లగా. నన్ను మాత్రం "పిల్లా" అంటారు. పేరు పెట్టి ఇంకా పిలవలేదు.

ఇవన్నీ రాశానని తెలిస్తే నాకు తల కొట్టేసినట్టవుతుంది. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్యి.

నీ చెల్లెలు
డల్సీ

&nbsp;

టార్‌వెల్, గిప్స్‌లాండ్
నవంబరు 11, 1953

ఒసేయ్ డల్సీ,

ఎవతే ఆ ఐవీ?

నాలుగు నెలలు కాలేదు, అప్పుడే దానికి హాల్లో కుర్చీ, ఇంట్లో తలుపా! కట్టుకున్నదానివి నువ్వు కూర్చుంటే ఊరంతా వెనక్కి తిరిగి చూడటమా! పైగా మీ అత్త వంతపాట! పెరటి తలుపు ఎందుకు తీసి ఉంచుతారో నీకింకా అర్థం కాలేదా మొద్దూ? ఇరవై ఏళ్లొచ్చాయి నీకు. దూడకున్నపాటి తెలివి లేదు.

పాలు పితుకుతున్న మీ బావకి చదివి వినిపించాను. "తుపాకీకి నూనె వెయ్యనా?" అన్నాడు రెగ్. ఆ మనిషికి నూనె సీసా దొరికేసరికి ఈస్టర్ వస్తుందిలే, అయినా అడిగాడు పాపం. నీ మొగుడి పేరు పెర్సీ అన్నప్పుడే నాకు అనుమానం. పెర్సీ అనే పేరున్న వాడెవడైనా నిద్రపోయినట్టే ఉంటాడు గానీ పోడు.

ఉన్నదున్నట్టు రాయి. దాచకు.

ఉత్తరం కాల్చలేదు. కాల్చను. అమ్మ పోయాక నీ రాత అంటూ నా దగ్గర ఒక్క ముక్క లేదు. బిస్కెట్ల డబ్బాలో బొత్తాల పక్కన పెట్టాను. సగం చదవడానికి రెగ్ కళ్లజోడు పెట్టుకోవలసి వచ్చింది. బళ్లో పంతులమ్మ నీ ఎడమచెయ్యి కుర్చీకి కట్టేసి కూర్చోబెట్టినా మారలేదు కదే నువ్వు! కట్టు విప్పగానే మళ్లీ అదే చెయ్యి.

వెంటనే జవాబు రాయి. లేకపోతే వస్తా.

నీ అక్క
థెల్మా

&nbsp;

కూలబాన్
నవంబరు 21, 1953

థెల్మా అక్కకు,

రాతకు మళ్లీ క్షమించు. బావను తుపాకీ లోపల పెట్టమను. ఐవీ చనిపోయి మూడేళ్లయింది. ఆయన మొదటి భార్య. రెండో పెళ్లివాడని చెబితే నువ్వు వద్దంటావని దాచాను. తిట్టాలనుంటే తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

ఇక్కడ క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఏటేటా ఒకటే సినిమా వేస్తారు. ఎప్పుడో వచ్చిన ఫిల్ము. పంపిన కంపెనీ మూతపడింది, తిరిగిమ్మని ఎవరూ అడగలేదు. ఎండకు నిప్పంటుకుంటుందని, గుంజల మీద నిలబెట్టిన మా ఇంటి కింద తడి గోనెలు చుట్టి దాస్తాం. వానాకాలంలో దాన్ని బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటారు ఆయన.

కథ నవ్వులాటగా ఉంటుంది. మంచు కురిసే ఊళ్లో వీధి దీపాలు వెలిగించేవాడు ఒకడు జారిపడి చచ్చిపోతాడు. కానీ పండగ పని ఎక్కువగా ఉండి తను చచ్చిన సంగతి చూసుకోడు. దీపాలు వెలిగిస్తూనే పోతాడు. వెలిగిన దీపమల్లా పాట పాడుతుంది. ఊరి పెద్ద ఒకడు దీపాన్ని కసిరి పెద్దబాతు అయిపోతాడు. అక్కడ హాలంతా బాతుకూత కూస్తుంది అక్కా, పోలీసాయన కూడా. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లు సంచుల్లో ఉన్ని తెచ్చి మంచు అని అందరి మీదా విసురుతారు. చెమటకు అది మెడకు అంటుకుని రెండు రోజులు వదలదు.

ఆ దీపాలవాడు బట్టలుతికే అమ్మాయి కిటికీ కింద నిలబడి పాడతాడు: "దీపం పెట్టి పోతున్నాను, కిటికీలో ఎవరున్నారు?" ఊళ్లో వాడు కనిపించేది ఆ అమ్మాయికొక్కదానికే. పైనుంచి అంటుంది: "నేనే, ఇక్కడే ఉన్నాను."

ఆ జవాబు మా ఫిల్ములో లేదు. ఆరేళ్ల కిందట మిషనులో కాలిపోయింది. ఆయన కుర్రతనంలో బొమ్మ ఫిల్ము మీద, మాట వేరే గ్రామఫోను పళ్లెం మీద ఉండేవట. ఫిల్ము ఎంత పోతే అంత నల్లముక్క అతికించకపోతే పెదవులొకచోట, మాటలొకచోట. ఇప్పుడు మాట ఫిల్ము అంచునే ఉంటుంది, ఆ అవసరం లేదు. అయినా ఆయన చేతికి అదే అలవాటు. అందుకని అక్కడ తెర నల్లగా అయిపోతుంది, చప్పుడు ఉండదు. మొదటి ఏడాది జనం ఈలలు వేస్తుంటే ఐవీ తన కుర్చీలోంచి లేచి ఆ మాట పాడిందట. ఆమె ఇక్కడ బడిపంతులమ్మ. అప్పటినుంచి ఏటేటా ఆ మాట ఆమెదే. జ్వరంతో పోయాక ఆ చీకట్లో ఎవరూ పాడరు. మగాళ్లు టోపీలు తీసి కూర్చుంటారు. వినిపిస్తుందంటారు.

నేను నమ్మలేదు. మొన్న మంగళవారం మధ్యాహ్నం కిటికీలు మూసి, ఫిల్ము ఎలా ఉందో చూద్దామని ఆయన ఒకసారి ఆడించారు. హాల్లో నేనొక్కదాన్నే. చీకటి వచ్చింది. లెక్కపెట్టాను, పన్నెండు సెకన్లు. మూడో వరుస చివరినుంచి వినిపించింది. "నేనే, ఇక్కడే ఉన్నాను." తర్వాత ఇంకా మెల్లగా, "తలుపు తీసే ఉంచు." వెలుగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. కానీ గుడ్డ కిందికి దిగి ఉంది, అప్పుడే ఎవరో లేచిపోయినట్టు.

ఇంకొకటి. నా రాత బాగుపడుతుందని ఆయన ఐవీ చేత్తో రాసుకున్న పాటల పుస్తకం ఇచ్చారు. ఆ అక్షరాలు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. "కుడిచేత్తో చూసి రాసుకో పిల్లా" అన్నారు. రోజూ ఒక పేజీ రాస్తున్నాను. ఎవరో పట్టుకుని రాయిస్తున్నట్టు తేలిగ్గా పోతోంది చెయ్యి. పొద్దున లేస్తే కడుపులో తిప్పుతుంది. నాలో ఇంకొకరు ఉన్నట్టుంది అక్కా. భయంగా ఉంది. ఆయనకు చెప్పలేదు.

దీన్నయినా కాల్చెయ్యి.

డల్సీ

&nbsp;

టార్‌వెల్
డిసెంబరు 2, 1953

నా పిచ్చి డల్సీ,

దెయ్యం కాదే మొద్దూ, బిడ్డ!

పొద్దున కడుపులో తిప్పడం, నాలో ఇంకొకరు ఉన్నట్టుండటం, ఇది ఐవీ పనా? నీ మొగుడి పని! మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు కొట్టంలో ఎర్రావు నన్ను పేరు పెట్టి పిలిచిందని నేను ఏడవలేదూ? రెగ్ పోయి ఆవును కోప్పడి వచ్చాడు. కడుపుతో ఉన్నవాళ్లకు ఏవేవో వినిపిస్తాయి. లేవకముందే పడకమీద ఎండు బిస్కెట్ ఒకటి నములు. బరువులెత్తకు. నువ్వు మీ ఆయనకు చెప్పలేదంటే నాకు నవ్వు ఆగలేదు. సిగ్గుతో ఇక పురిటికి కూడా చెప్పాపెట్టకుండా పోయేట్టున్నావు.

పసుపు ఉన్నితో చిన్న మేజోళ్లు అల్లి పంపుతున్నాను. ఆడయినా మగయినా పనికొస్తాయి.

రెండో పెళ్లివాడని దాచినందుకు తిట్లు బాకీ. ఇప్పుడు ఒట్టి మనిషివి కాదు కాబట్టి వాయిదా వేశాను. ఒక్కటి మాత్రం విను. పోయినామె మంచిదే కావచ్చు, పోయింది. నీ ఇల్లు నీది. అతికించేది నువ్వే అన్నావుగా? ఆ నల్లముక్క తీసి పారెయ్యి. చీకటి లేకపోతే గొంతూ ఉండదు, టోపీలు తీసేవాళ్లూ ఉండరు. బిడ్డ వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలి.

అన్నట్టు రాత బాగా కుదిరిందే నీకు! ఈసారి చివరి పేజీ రెగ్ కళ్లజోడు లేకుండానే చదివాను.

నీ అక్క
థెల్మా

&nbsp;

కూలబాన్
డిసెంబరు 27, 1953

ప్రియమైన థెల్మా,

నీ ఉత్తరమూ పసుపు మేజోళ్లూ అందాయి. అల్లిక చక్కగా ఉంది. బిడ్డ సంగతి మాత్రం నిజం కాదు. నీవు పొరబడ్డావు.

నీవు చెప్పినట్టే చేశాను. పండగ ముందు రోజు మధ్యాహ్నం పెర్సీ మంచు కోసం ఉన్ని తేవడానికి వెళ్లినప్పుడు నల్లని భాగాన్ని కొలిచి కత్తిరించాను. సరిగ్గా పద్దెనిమిది అడుగులు. రెండు కొసలూ కలిపి అతికించాను. ఆ పన్నెండు సెకన్లపాటు అతను వేరొకరి భర్త అనీ, అది భరించలేననీ అప్పుడు నాకు అనిపించింది. అతనికి చెప్పలేదు.

సాయంత్రం హాలు నిండింది. దీపాలవాడు కిటికీ కింద నిలబడి అడిగాడు. మగవాళ్లు టోపీలు తీశారు. చీకటి రాలేదు. వెంటనే తెర మీదికి బాతు వచ్చింది. టోపీలు చేతుల్లో పట్టుకుని అందరూ అలాగే ఉండిపోయారు. ఎవరూ కూయలేదు. వెనక ఎవరో పిల్ల ఏడ్చింది. మిషను గదిలో పెర్సీ, జ్వరం వచ్చిన వాళ్ల నుదురు తాకినట్టు, మిషను మీద చెయ్యి పెట్టాడు.

ముగ్గురం ఇంటికి నడిచి వచ్చాం. గేటు దగ్గర నేను పాడానట. నాకు తెలియదు. "నేనే, ఇక్కడే ఉన్నాను. తలుపు తీసే ఉంచు." అత్తగారి చేతిలోని పుడ్డింగు గిన్నె కిందపడి పగిలింది. "ఆ గొంతు ఎక్కడిదే నీకు?" అంది. తర్వాత దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఆమె నన్ను ముద్దు పెట్టుకోవడం అదే మొదలు.

ఇప్పుడంతా సవ్యంగా ఉంది. సాయంత్రాలు నేను పాడితే పెర్సీ వంటింటి గడపలో కూర్చుని వింటాడు. మూడో వరుస చివరి కుర్చీ నాకు హాయిగా ఉంటుంది. కోళ్లను నేను ఇప్పుడు తరమడం లేదు. డల్సీ చాలా భయపడేది, క్రమంగా అలవాటవుతుంది.

ఉత్తరాలు కాల్చడం మంచి అలవాటు కాదు. దీన్ని భద్రంగా ఉంచగలవు.

డి. టాల్బట్

&nbsp;

టార్‌వెల్
జనవరి 6, 1954

డల్సీ,

ఈ ఉత్తరం ఎవరు రాశారు?

నువ్వు పుట్టిన దగ్గర్నుంచి నన్ను అక్కా అనకుండా ఒక్క మాట మాట్లాడలేదు. ప్రియమైన థెల్మా ఎవరే నీకు? నీ మొగుణ్ణి "అతను" అని నువ్వెప్పుడన్నావు? నువ్వు రాస్తే అమ్మ సంతకం మీద కూడా మరక పడేది. ఇందులో చివరిదాకా ఒక్క మరక లేదు. కాగితం వెలుతుర్లో పెట్టి చూశాను. రెగ్ చూశాడు. రెగ్ ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోతే నాకు ఎంత భయమో నీకు తెలుసు.

"డల్సీ చాలా భయపడేది." అయితే రాస్తున్నదెవరు?

ఆ నల్లముక్క తీసి పారెయ్యమన్నది నేను. నా నోరు పడిపోను. తెలిసీ తెలియక అన్నాను. నవంబరులో నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇందులో పెడుతున్నాను. చూడు. ఇది నువ్వు. దీన్ని నా దగ్గరే ఉంచుకోవాలనుంది, కానీ ఇప్పుడు నాకంటే నీకే అవసరం.

ఎడమచేత్తో ఒక్క వరుస రాసి పంపు. ఏం రాసినా సరే. నెలాఖరుకి రాకపోతే ఆవుల్ని రెగ్‌కి వదిలి రైలెక్కుతాను.

అక్క

&nbsp;

కూలబాన్
జనవరి 22, 1954

థెల్మా అక్కకు,

నా రాతకు క్షమించు. చూడు, ఎన్ని మరకలో. మొదటి వరుస రాయడానికి అరగంట పట్టింది. ఎడమచెయ్యి సాగలేదు.

నీ ఉత్తరం అత్తగారు పోస్టాఫీసునుంచి తెచ్చింది. అందులోంచి ఇంకొక కాగితం జారింది. చూసి, "ఎవరో చదువురాని పిల్ల రాసింది, పాపం" అని పైకే అన్నాను. నిజంగా అలాగే అన్నాను అక్కా. అత్తగారు నా మొహం అదోలా చూసింది. మొదటి వరుసలో చిటికెనవేలి మరక ఉంది కదా, ఎందుకో దాని మీద నా ఎడమ చిటికెనవేలు పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది. నేలమీద కూర్చుండిపోయాను. పొయ్యిమీద టీ మరిగి మరిగి ఎండిపోయింది.

లేచి హాలుకి పోయాను. ఆయన మిషనుకు నూనె వేస్తున్నారు.

"నల్లముక్క నేనే తీశాను" అన్నాను.

తల ఎత్తలేదు. "తెలుసు. అతుకు చూశాను. ఎంత తీశావు?"

"పద్దెనిమిది అడుగులు."

ఆయన బల్లమీద కూర్చున్నారు. నూనె సీసా కింద పెట్టి అన్నారు: "కాలింది ఆరే."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు, నా వైపు చూడకుండా. ఐవీ పోయాక ఏటేటా నాలుగడుగుల నల్ల ఫిల్ము కలుపుతూ వచ్చారట. మూడేళ్లకు పన్నెండు. "ఇంకొంచెంసేపు ఉంటుందని" అన్నారు.

"ఆ తలుపు మాట?" అని అడిగాను. "పుస్తకంలో వెతికాను. నేనే ఇక్కడే ఉన్నాను అన్నంతవరకే ఉంది."

"సినిమాలోనూ అంతే. ఐవీ బతికున్నప్పుడు పాడిందీ అంతే. నేను చోటు పెంచాను, మాట పెరిగింది."

"ఇన్నాళ్లూ నా నోటినుంచి వస్తుంటే ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకున్నారు. "వినాలనిపించింది" అన్నారు.

కోపం రాలేదు అక్కా. అది అబద్ధం, వచ్చింది. ఆయన కూర్చున్న బల్లను తన్నాను. నా జన్మలో ఆయన ముందు అన్ని మాటలు మాట్లాడలేదు. "ఆమె చోటు నేను లాగేసుకున్నాను, తప్పే. ఎక్కడికి పోతుంది, నాలోకి వచ్చింది. కానీ మీరు ఆమెకు గది కట్టినట్టు కడుతూ పోయారు. ఫిల్ము కాలిన చోటు ఆమెకిద్దాం. ఆరడుగులు. ఒక్క అంగుళం ఎక్కువ వద్దు. నా ఒళ్లు మాత్రం నాది" అన్నాను.

ఆయన ఏడ్చారు. తర్వాత కొలబద్ద తెచ్చి పట్టుకున్నారు. నేను ఎడమచేత్తో కత్తిరించాను. వంకరగా వచ్చింది, మళ్లీ కత్తిరించాను. జిగురు రాస్తుంటే బేరిపళ్ల వాసన వచ్చింది, మన పెరడు కనిపించింది, నువ్వు నిచ్చెన మీద నిలబడి నా నెత్తిన కాయలు వేస్తూ.

"జిగురు మరీ పొయ్యకు డల్సీ" అన్నారు ఆయన.

పేరు పెట్టి పిలిచినట్టు ఆయనకు తెలియదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలన్నీ మూశాం. నేనూ అత్తగారూ కింద, ఆయన మిషను దగ్గర. నేను మూడో వరుసలో కూర్చోలేదు. దీపాలవాడు అడిగాడు. తెర నల్లబడింది. "నేనే, ఇక్కడే ఉన్నాను." నా నోరు మూసే ఉంది అక్కా, పెదవులు పళ్లతో పట్టుకుని ఉన్నాను. గొంతు ఆ చివరి కుర్చీనుంచే వచ్చింది. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. తర్వాత మాటకోసం ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. స్పష్టంగా. అంతలో వెలుగొచ్చేసింది.

తెర మీద బాతు. కాసేపటికి అత్తగారు, తెల్ల నూలు టోపీ పెట్టుకున్న ఆ పెద్దావిడ, చాలా చిన్నగా బాతుకూత కూసింది. కూసి, కొంగలా మెడ చాచి నా వంక చూసి, "ఏమ్మా, నువ్వు కూయవా?" అంది. నేను కూశాను. పైనుంచి ఆయన కూడా కూశారు.

పాటల పుస్తకం అత్తగారికిచ్చేశాను. ఆ సాయంత్రం పెరటి తలుపు ఆయనే వేశారు. కోళ్లు బయట గుమిగూడి తలుపు వంక చూస్తూ నిలబడ్డాయి, హాలు టిక్కెట్లు అయిపోయినట్టు. రోజూ పొద్దున లేవగానే మొదట తలుపు చూస్తున్నాను. వేసే ఉంటోంది. నిన్న ఒక్కరోజు గడియ పక్కకి జరిగి ఉంది. నేను వేశాను. ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడే రావద్దు. ఎండ తగ్గాక రా, బావను తీసుకురా, తుపాకీ తేవద్దు. పసుపు మేజోళ్లు సొరుగులో దాచాను. ఉన్ని విప్పి నీకు పంపను.

నా మొదటి ఉత్తరం తిరిగి పంపుతున్నాను. బిస్కెట్ల డబ్బాలో బొత్తాల పక్కన, ముందు ఉన్నచోటే పెట్టు. డిసెంబరుది కాల్చెయ్యి. ఇంకోసారి చదవకుండా కాల్చు. నా పేరు పెట్టుకుని మరక లేని ఉత్తరం ఇంకెప్పుడైనా వస్తే దానికి జవాబు రాయకు అక్కా. దాన్ని పొయ్యిలో పెట్టి, డబ్బాలోది నాకు పంపు.

నీ చెల్లెలు
డల్సీ